పాత స్టీల్ గిటారుకు మెరుగు పెట్టాలా? పూత వేయించాలా?

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేసేటప్పుడు అటక మీది సామాను అంతా ఒకసారి నేలకు దిగుతుంది. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగు ఇళ్లలో అట్లా దిగే సామానులో ఇత్తడి గంగాళాలు, రాగి చెంబులు, కంచు గిన్నెలు ఉంటాయి. ఎక్కడో ఒక ఇంట వాటితోపాటు ఒక వీణయో, హార్మోనియం పెట్టెయో, తాతగారు వాయించిన స్టీల్ గిటారో కూడా బయటపడుతుంది. గిటారు బిరడలు నల్లబడి ఉంటాయి. తంత్రులు తగిలించే రేకు మీద తుప్పు చుక్కలు కనిపిస్తాయి. గంగాళాలు తోమే చింతపండు, బూడిద అప్పటికే పెరట్లో సిద్ధంగా ఉంటాయి. ఆ చేతితోనే గిటారు మరలను కూడా తోమితే గంటలో పని ముగుస్తుంది. అయితే ఆ గంటలో పోయిన పూత మళ్లీ రాదు.

ఇత్తడి గంగాళానికి మేలు చేసే తోముడు గిటారు మరకు ఎందుకు కీడు చేస్తుంది? ఎంతవరకు ఇంట్లో శుభ్రం చేసుకొనవచ్చును? ఎప్పుడు పూత వేయించవలెను? ఎప్పుడు ఉన్నది ఉన్నట్లు వదలివేయవలెను? పాత వాద్యం ఉన్న ప్రతి కుటుంబమూ తెలిసికొనదగిన విషయాలివి.

సంగీతం ఎరిగిన నేల

కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలో ఉన్నది. విరుదునగర్ దానికి ఉత్తరాన, మదురై వెళ్లే రహదారి మీద ఉన్నది. నడుమ సాత్తూరు. ఇదంతా నల్లరేగడి నేల. తమిళులు దీనిని కరిసల్ భూమి అంటారు. కొన్ని వందల యేండ్ల క్రితం తెలుగుదేశం నుండి తరలివచ్చిన కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకులు, అరుంధతీయులు మొదలగువారి ఊళ్లు ఈ నేల నిండా ఉన్నవి. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయంలో తెలుగు రాజులు స్థిరపడ్డారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. ఈ వలసల కథను ఆయన 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలలో చెప్పారు. దాని తరువాతి భాగమైన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఈ ప్రాంతానికి సంగీతమూ కొత్తది కాదు. సమీపంలోని ఎట్టయపురంలోనే ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూశారు. ఆయన సమాధి అక్కడే ఉన్నది. ఎట్టయపురం జమీందారులు తెలుగువారు. వారి ఆదరణలో సుబ్బరామ దీక్షితులు కూర్చిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఆ ఊరిలోనే తెలుగు లిపిలో అచ్చయింది. నాదస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలం కోవిల్‌పట్టిలో నివసించారు. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై' చిత్రంలో ఆయన నాదస్వరమూ, మన తెలుగు గాయని ఎస్. జానకి గళమూ పోటీపడిన పాటను దక్షిణాదిన వినని ఇల్లు అరుదు. ఇటువంటి నేల మీద ఒక వాద్యం అటకమీద నల్లబడి పడి ఉండటం బాధాకరమే. కాని దానిని తెలియక తోమి పాడుచేయటం అంతకన్న బాధాకరం.

స్టీల్ గిటారు కథ

స్టీల్ గిటారు అనగానే ఉక్కుతో చేసిన గిటారు అని చాలామంది అనుకుంటారు. ఆ పేరు గిటారును బట్టి వచ్చినది కాదు. ఎడమచేతిలో పట్టుకొని తంత్రుల మీద జార్చే ఉక్కు కడ్డీని బట్టి వచ్చింది. 19వ శతాబ్దపు చివరి భాగంలో హవాయి దీవులలో ఈ పద్ధతి పుట్టింది. జోసెఫ్ కెకుకు అనే యువకుని పేరు దీనితో ముడిపడి ఉన్నది. 1915లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగిన ప్రదర్శనతో హవాయి సంగీతం అంతటా వ్యాపించింది. 1940లలో టావు మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా కలకత్తాలో నివసించి, వాయించి, నేర్పాడు. తరువాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా ఈ వాద్యం మీద హిందూస్థానీ రాగాలు పలికించాడు. విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ పురస్కారం అందుకొన్నాడు. మన దేశంలో దీనిని హవాయిన్ గిటారు అనికూడా అంటారు. కడ్డీని జార్చి గమకాలు పలికించటం దక్షిణాది వారికి వింత కాదు. మన గోటువాద్యం పద్ధతియు అదే.

ఈ గిటార్లలో ముఖ్యంగా మూడు రకాలున్నవి. మొదటిది చెక్క గిటారు. దీనిలో బిరడలు, తంత్రులు తగిలించే రేకు, తంత్రులను పైకి ఎత్తి ఉంచే పట్టీ మాత్రమే లోహం. రెండవది ఒళ్లంతా లోహమే అయినది. 1927లో అమెరికాలోని నేషనల్ సంస్థ ఇటువంటి గిటార్లను తయారు చేయసాగింది. మూడవది విద్యుత్తుతో పలికేది. 1932లో రికెన్‌బ్యాకర్ వారు అల్యూమినియంతో పోతపోసిన గిటారు దీనికి ఆద్యం. మన ఇళ్లలో కనబడేది ఎక్కువగా మొదటి రకమే. అయినను మూడింటి సంగతీ తెలిసికొనుట మంచిది. ఎందుకంటే మూడింటిలోనూ లోహాలు వేరు, వాటికి చేయవలసిన సేవయు వేరు.

ముందు లోహాన్ని గుర్తించవలెను

గంగాళం అడుగునుండి అంచువరకు ఒకే ఇత్తడి. ఎంత తోమినా కింద ఉండేది మళ్లీ ఇత్తడే. గిటారు మర అట్లా కాదు. అది గిల్టు నగ వంటిది. లోపల ఉక్కో ఇత్తడో ఉంటుంది. పైన నికెలు లేక క్రోమియం పూత ఉంటుంది. అలంకారానికి వేసే నికెలు పూత మందం సాధారణంగా పది నుండి ఇరవై మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. అంటే నికెలు పూత వెంట్రుకలో మూడవ వంతు కూడా ఉండదు. దాని మీద వేసే క్రోమియం పొర మరీ పలుచన, అర మైక్రాన్‌కు లోపే. బూడిదతో తోమేటప్పుడు అరిగేది ఈ పొర.

కాబట్టి శుభ్రం చేయటానికి ముందు ఏది ఏ లోహమో చూచుకొనవలెను. ఇందుకు రసాయనాలు అక్కరలేదు. పగటి వెలుగూ, ఒక చిన్న అయస్కాంతమూ చాలును.

తెలుపులో కొంచెం నీలి ఛాయ ఉండి అద్దంవలె మెరిసేది క్రోమియం. తెలుపులో కొంచెం పసుపు ఛాయ ఉండి మెత్తగా మెరిసేది నికెలు. బంగారు రంగులో ఉండి, చేయి తగిలే చోట మాత్రం తెల్లబడితే అది బంగారు పూత. ఇది చాలా పలుచనైనది. అయస్కాంతం గట్టిగా అంటుకొంటే లోపల ఉక్కు ఉన్నట్లు. అంటుకొనక, అరిగిన చోట పసుపు కనబడితే లోపల ఇత్తడి. అంటుకొనక, తేలికగా, బూడిద రంగులో ఉంటే అల్యూమినియం. పొక్కులు లేచి, పగిలిన చోట మసక బూడిద రంగు కనబడితే అది జింకు కలిసిన పోతలోహం కావచ్చును. దీనిని బాగుచేయటం అన్నిటికన్న కష్టం.

జర్మన్ సిల్వరు అనే మరొక లోహం ఉన్నది. పేరులో వెండి ఉన్నా దానిలో వెండి లేదు. రాగి, నికెలు, జింకు కలిసిన మిశ్రమమది. నేషనల్ సంస్థవారి తొలి లోహపు గిటార్లు దీనితోనే చేశారు. పూత లేకుండా లోపలా వెలుపలా ఒకటే లోహమైతే మెరుగు పెట్టినా పూత పోతుందన్న భయం లేదు. అయితే చెక్కిన పువ్వులు, తీగలు అరగకుండా చూచుకొనవలెను.

ఇంటి చిట్కాలు ఎక్కడ చెడుపు చేస్తాయి

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. ఇత్తడి, రాగి మీద పేరుకొన్న చిలుమును అది కరిగిస్తుంది. అందుకే గంగాళం తళతళలాడుతుంది. కాని గిటారు మర పూతలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. పులుపు ఆ రంధ్రాల గుండా లోపలికి దిగి, కింది ఉక్కును తినటం ప్రారంభిస్తుంది. కడిగిన నాడు మెరుస్తుంది. వానకాలం వచ్చేసరికి పూతకింద తుప్పు పొంగి పొక్కులు లేస్తాయి. నిమ్మకాయ, పుల్లని మజ్జిగ, వెనిగరు చేసేదీ ఇదే.

బూడిద, ఇటుకపొడి, ఉప్పు, పళ్లపొడి గీకే పదార్థాలు. వీటిలో గరుకు ఎక్కువ. నికెలు మీద రుద్దితే మెరుపు వచ్చినట్లు కనబడును గాని, వాస్తవంగా పొర అరిగిపోయింది. బజారులో దొరికే బ్రాసో వంటి మెరుగుద్రావకాలు గట్టి ఇత్తడి కోసం ఉద్దేశించినవి. పలుచని పూత మీద, బంగారు పూత మీద వాటిని వాడరాదు.

అల్యూమినియం భాగాలను చాకలిసోడాతోగాని, కాస్టిక్ సోడాతోగాని కడుగరాదు. క్షారం అల్యూమినియాన్ని తినివేస్తుంది. పికప్ ఉన్న గిటారు దగ్గర ఉక్కుపీచు వాడరాదు. పికప్‌లోని అయస్కాంతం ఆ సన్నని ఉక్కు నూగును లాగి పట్టుకొంటుంది. తరువాత దానిని తీయటం దుర్లభం.

వీణ ఉన్నవారు మరొకటి గుర్తుంచుకొనవలెను. వీణ మెట్లు మైనం మీద నిలిచి ఉంటాయి. కిరోసిను, వేడినీరు తగిలితే మైనం మెత్తబడి మెట్లు కదలుతాయి, శ్రుతి చెడుతుంది. హార్మోనియం లోపలి ఇత్తడి నాలుకలను అసలే తోమరాదు. నాలుక కొస అరిగితే స్వరం హెచ్చుతుంది, మొదలు అరిగితే తగ్గుతుంది. శుభ్రత కోసం మొదలుపెట్టిన పని పెట్టెనంతటినీ అపశ్రుతి పాలు చేస్తుంది.

ఇంట్లో చేయదగిన పని

తొందరపడనివారికి ఇంట్లోనే చేయదగిన పని చాలా ఉన్నది.

మొదట తంత్రులను ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా వదులు చేయవలెను. ఒక్కసారిగా కోసివేయరాదు. పాత చెక్క ఆ బిగువుకు అలవాటుపడి ఉంటుంది. మరలు ఊడదీసే ముందు ఒక ఫొటో తీసికొనవలెను. లేదా కాగితం మీద బొమ్మ గీసికొనవలెను. ఏ బిరడ మరలను ఆ బిరడతోనే చిన్న పొట్లం కట్టి, పేరు వ్రాసి ఉంచవలెను. పాత మరల కొలతలు నేటి అంగళ్లలో దొరకకపోవచ్చును. ఒక్క మర పోతే ఆ భాగమంతా పనికిరాకుండా పోవచ్చును.

లోహపు భాగాలను గోరువెచ్చని నీటిలో, కొంచెం మెత్తని సబ్బుతో, పసిపిల్లల పళ్లకుంచె వంటి మెత్తని కుంచెతో కడుగవలెను. వెంటనే పాత నూలుబట్టతో తుడిచి, బాగా ఆరనీయవలెను. తేమ నిలిచిన చోటే తుప్పు మొదలవుతుంది. పికప్, దాని తీగలు, మూసి ఉన్న బిరడల పెట్టెలు నీటిలో పెట్టరాదు. చాలా సందర్భాలలో ఇంతటితోనే సగం నలుపు పోతుంది. అది లోహపు నలుపు కాదు. యేండ్ల తరబడి పేరుకొన్న చేతిచెమట, దుమ్ము.

తుప్పు పట్టి తిరగని మరకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి ఒక రాత్రి వదలవలెను. మరునాడు వెదురు పుల్లతో మురికి తీయవలెను. ఇనుప మొనతో గీకరాదు. క్రోమియం మీద తుప్పు చుక్కలు ఉంటే, వంటింటి అల్యూమినియం రేకు ముక్కను నలిపి, నీటిలో తడిపి మెల్లగా రుద్దవచ్చును. అల్యూమినియం క్రోమియం కంటే మెత్తనిది కాబట్టి పొరను గీకదు, తుప్పును మాత్రం లాగుతుంది. పూత పూర్తిగా లేచిపోయిన చోట ఇది పనిచేయదు.

మెరుగు తప్పనిసరి అనిపిస్తే, మెత్తని సుద్దపొడిని పలుచని బట్టతో జల్లించి, నీటి చుక్కతో కలిపి, నూలుబట్టతో తేలికగా రుద్దవలెను. బట్ట మీద పసుపు ఛాయ కనబడగానే ఆపివేయవలెను. పూత దాటి కింది ఇత్తడి బయటపడుతున్నదన్నమాట. చివరకు మైనం పలుచగా రాసి తుడిస్తే గాలి, తేమ తగలకుండా కొంతకాలం కాపాడుతుంది.

వాయించిన ప్రతిసారి పొడిబట్టతో తుడుచుట అన్ని మెరుగులకన్న మేలైనది. చెమటలోని ఉప్పే పూతకు మొదటి శత్రువు.

నిల్వ చేసే చోటు కూడా ముఖ్యం. కరిసల్ భూమి ఏడాదిలో చాలాకాలం పొడిగా ఉంటుంది. కాని అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి. పోగుచేసుకొన్న తేమ అప్పుడే పని మొదలుపెడుతుంది. ఆ నెలలలో పెట్టెను నెలకొకసారైనా తెరచి గాలి తగలనీయవలెను. కోవిల్‌పట్టి, సాత్తూరు ప్రాంతాలవారికి మరొక జాగ్రత్త అవసరం. ఇవి అగ్గిపెట్టెల పరిశ్రమ ఉన్న ఊళ్లు. గంధకం వెండినీ రాగినీ నల్లబరుస్తుంది. గంధకం గాని, అగ్గిపుల్లల మూటలు గాని నిల్వ చేసిన గదిలో వాద్యాన్ని ఉంచరాదు. రబ్బరు పట్టీలు చుట్టి ఉంచుటయు మంచిది కాదు. రబ్బరులో కూడా గంధకం ఉంటుంది.

పూత అంటే ఏమిటి

పాతతరంవారికి కళాయి తెలుసును. ఇత్తడి గిన్నెను నిప్పు మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్కను తాకించి, దూదితో లోపలంతా పులిమేవారు. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది కాబట్టి ఆ పని బొగ్గుల కొలిమి మీద సాధ్యమయ్యేది. పులుసు ఇత్తడికి తగిలి విషమవకుండా అది కాపాడేది. గిటారుకు వేసే పూత కళాయి వంటిదేగాని పద్ధతి వేరు. ఇక్కడ నిప్పు ఉండదు, విద్యుత్తు ఉంటుంది.

నికెలు లవణాలు కరిగించిన తొట్టిలో ఒకవైపు నికెలు పలకను, మరొకవైపు గిటారు భాగాన్ని వేలాడదీస్తారు. పలకను ధన ధ్రువానికి, భాగాన్ని రుణ ధ్రువానికి కలుపుతారు. విద్యుత్తు ప్రవహించగానే పలకలోని నికెలు ద్రావణంలోకి దిగుతుంది. ద్రావణంలోని నికెలు భాగం మీద పేరుకొంటుంది. ఎంత విద్యుత్తు ఎంతసేపు ప్రవహిస్తే అంత లోహం పేరుకొంటుందని మైకేల్ ఫారడే 1830లలోనే నిరూపించాడు. నేటికీ ఎక్కువగా వాడే నికెలు ద్రావణానికి 1916లో ఆలివర్ వాట్స్ రూపమిచ్చాడు. నికెలు సల్ఫేటు, నికెలు క్లోరైడు, బోరిక్ ఆమ్లం అందులోని మూడు ముఖ్య పదార్థాలు. క్రోమియం పూత వ్యాపార స్థాయికి వచ్చినది 1920లలో. కాబట్టి అంతకుముందటి వాద్యానికి క్రోమియం పూత కనబడితే అది తరువాత ఎవరో వేయించినదే.

ఈ విద్యకు మన దేశంలో పెద్ద పీఠం విరుదునగర్‌కు ఎంతో దూరాన లేదు. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు 1948 జూలైలో పండిత నెహ్రూ పునాదిరాయి వేశారు. 1953 జనవరిలో డాక్టరు రాధాకృష్ణన్ దానిని ప్రారంభించారు. అళగప్ప చెట్టియారు మూడు వందల ఎకరాల భూమి, పదిహేను లక్షల రూపాయలు దానికి విరాళమిచ్చారు. లోహాల పూతలు, తుప్పు నివారణ ఈ సంస్థ పరిశోధించే ముఖ్య విషయాలలోనివి.

పూతలో పోయేవి

కొత్త పూత వేయటానికి ముందు పాత పూత తీసివేయవలెను. తరువాత భాగాన్ని తిరిగే బఫింగ్ చక్రానికి ఒత్తి నునుపు చేస్తారు. పిదప జిడ్డు తీసి, ఆమ్లంలో ముంచి, అవసరమైతే రాగిపూత వేసి, దాని మీద నికెలు, దాని మీద క్రోమియం వేస్తారు. ప్రతి తొట్టికీ నడుమ నీటితో కడుగుతారు.

వీటిలో అన్నిటికన్న అపాయకరమైనది తొట్టి కాదు, చక్రం. చేయి తిరగని పనివాడు చక్రానికి గట్టిగా ఒత్తితే అంచులు గుండ్రబడతాయి, చెక్కిన తీగలు మాసిపోతాయి, తయారీదారు పేరు, వరుస సంఖ్య చెరిగిపోతాయి. మరల రంధ్రాలు సాగుతాయి. పాత వాద్యపు వయస్సును, పుట్టుకను చెప్పేది ఆ అక్షరాలే. అవి పోతే వాద్యం ధరయు పడిపోతుంది. మెరిసే కొత్త పూత ఉన్న గిటారుకంటే, మసకబారినా అసలు పూత ఉన్న గిటారునే ఎరిగినవారు ఎక్కువగా కోరుకుంటారు.

రెండవది కొలత. విద్యుత్తు మొనల వద్ద, అంచుల వద్ద దట్టంగా చేరుతుంది. గుంటలలోకి తక్కువగా వెళుతుంది. అందువల్ల అంచుల మీద పూత మందంగా, లోపల పలుచగా పడుతుంది. మరచుట్ల మీద పూత పడితే మర బిగుసుకొని తిరగదు. తంత్రి కూర్చునే గాడి ఇరుకైతే తంత్రి పట్టదు. గట్టి ఉక్కుతో చేసిన స్ప్రింగులకు మరొక ప్రమాదం ఉన్నది. ఆమ్లంలోను, తొట్టిలోను పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దానిని పెళుసుగా చేస్తుంది. పూత వేసిన వెంటనే వేడి పెట్టి ఆ వాయువును వెళ్లగొట్టకపోతే స్ప్రింగు ఒకనాడు పుటుక్కున విరుగుతుంది.

ధ్వనికి ఏది ముఖ్యం

చెక్క గిటారులో తంత్రిని తాకే లోహమే ముఖ్యంగా ధ్వనిని మార్చగలదు. చేతి కడ్డీ, తంత్రులను ఎత్తి ఉంచే పట్టీ, గుర్రం ఈ మూడే అటువంటివి. మిగిలినవన్నీ చూపు కోసం, పట్టు కోసం ఉన్నవి.

కడ్డీ మీద తుప్పు గుంటలు పడినా, పూత పెచ్చులూడినా, జార్చినప్పుడు తంత్రి మీద గరగరమని శబ్దం వస్తుంది. తంత్రులు త్వరగా తెగుతాయి కూడా. అరిగిన కడ్డీకి మళ్లీ పూత వేయించటంకంటే తుప్పుపట్టని ఉక్కుతో చేసిన కొత్త కడ్డీ కొనుట మేలు. పాతదానిని పెట్టెలోనే భద్రపరచవచ్చును. పట్టీలోను, గుర్రం మీద తంత్రి ఆనే గాడిలోను తుప్పు ఉంటే శుభ్రం చేయవలెను. ఆ గాడులలో పూత వేయించరాదు. తిరగని బిరడకు నూనె చాలును. పైన మూతరేకు మసకబారితే ధ్వనికి వచ్చిన నష్టమేమీ లేదు.

ఈ సంగతి తెలిసిన కుటుంబానికి సగం ఖర్చు తప్పుతుంది. వాద్యం పలకకపోవటానికి కారణం మెరుపు లేకపోవటం కాదు. పాత తంత్రులు, కదలని బిరడలు, వదులైన అతుకులు. డబ్బు పెట్టదలచినవారు ముందు వాటి మీద పెట్టవలెను.

పనివాని ఊపిరి, ఊరి నీరు

పూత మెరుపుకు మరొక ధర ఉన్నది. దానిని పూత వేయించుకొన్నవారు చెల్లించరు. క్రోమియం పూతకు చాలాకాలంగా వాడుతున్న క్రోమిక్ ఆమ్లంలో ఆరు సంయోజకత గల క్రోమియం ఉంటుంది. ఇది మనిషికి క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. తొట్టిమీద లేచే సన్నని తుంపరను పీల్చే పనివానికి ముక్కుదూలంలో పుండ్లు పడి రంధ్రమే ఏర్పడవచ్చును. నికెలు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. రాగిపూతకు వాడే కొన్ని ద్రావణాలలో సయనైడు ఉంటుంది. దానికి ఆమ్లం కలిస్తే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది.

అందువల్ల ఇంటి పెరట్లో బ్యాటరీ, బకెట్టు పెట్టుకొని పూత వేయదలచుట ఎంతమాత్రం తగదు. ఆ నీరు పారబోసిన చోట బావి ఉంటే నష్టం ఒక ఇంటితో ఆగదు. నదులు, చెరువుల వంటి జలాలలోకి వదిలే వ్యర్థజలంలో ఇటువంటి క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని మన దేశపు పర్యావరణ నిబంధన. చిత్తూరు జిల్లా సరిహద్దు గ్రామాలవారికి ఈ హెచ్చరిక వేరే చెప్పనక్కరలేదు. పాలారు ఒడ్డున రాణిపేటలో 1990లలో మూతపడిన ఒక క్రోమేటు కర్మాగారం వదిలివెళ్లిన వ్యర్థాల గుట్ట భూగర్భజలాలను ఎంతకాలం వేధించిందో ఆ ప్రాంతమంతా ఎరుగును. మూడు సంయోజకతల క్రోమియంతో పూత వేసే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉన్నది. అది ఇంతకంటే తక్కువ హాని చేస్తుంది.

పనివానిని అడుగవలసినవి

పూత తప్పదని నిశ్చయించుకొన్నవారు మదురై, కోయంబత్తూరు వంటి నగరాలలోని పూత కర్మశాలలకు వెళ్లే ముందు కొన్ని ప్రశ్నలు సిద్ధం చేసికొనవలెను.

ఇటువంటి చిన్న, సన్నని పనులు ఇంతకుముందు చేశారా? మోటారు సైకిలు బంపర్లకు పూత వేసే చోట గిటారు బిరడను చూచే ఓపిక ఉండకపోవచ్చును. చక్రం మీద ఒత్తకుండా చేతితోనే నునుపు చేయగలరా? అక్షరాలు, చెక్కడం ఉన్న చోటును వదలివేయగలరా? మరచుట్లకు, గాడులకు పూత పడకుండా మైనంగాని, పట్టీగాని వేసి మూయగలరా? అసలు పూత నికెలు అయితే నికెలే వేయగలరా, లేక అన్నిటికీ క్రోమియమే వేస్తారా? తొట్టి నీటిని ఏమి చేస్తారు? చివరి ప్రశ్నకు తేటగా జవాబు చెప్పగల కర్మశాలవారే మొదటి ప్రశ్నలకూ నిజం చెబుతారని ఆశించవచ్చును.

అన్ని భాగాలనూ ఒక్కసారే ఇవ్వరాదు. ముందు ఒక చిన్న రేకు మాత్రమే ఇచ్చి, పని చూచిన తరువాత మిగిలినవి ఇవ్వవలెను. ఇచ్చే ముందు ప్రతి ముక్కనూ లెక్కపెట్టి, ఫొటో తీసి, చీటీ వ్రాయించుకొనవలెను.

ఏది ఎప్పుడు

మసక మాత్రమే ఉంటే తుడిచి వదలివేయవలెను. చుక్కలు చుక్కలుగా తుప్పు ఉంటే ఇంట్లో శుభ్రం చేసి మైనం రాయవలెను. పూత పెచ్చులూడి, కింది ఉక్కు తుప్పుతో రాలుతూ, భాగం విరిగే స్థితిలో ఉంటేనే పూత గురించి ఆలోచించవలెను. అప్పుడు కూడా, కొత్త భాగం దొరికితే దానిని బిగించి, పాతదానిని దాచిపెట్టుట మేలు. ఎందుకంటే మళ్లీ వెనుకకు తీసికొనగలిగిన పని ఏదైనా చేయవచ్చును. వెనుకకు తీసికొనలేని పనికి మాత్రం పదిసార్లు ఆలోచించవలెను. వస్తుప్రదర్శనశాలలలో పాతవస్తువులను కాపాడేవారు పాటించే నియమమిదే. పూత వెనుకకు తీసికొనలేని పని. అరగదీసిన లోహం మళ్లీ మొలవదు.

పని ముగిసిన తరువాత మరొక చిన్న పని మిగిలి ఉంటుంది. ఒక కాగితం మీద తేదీ వేసి, ఏ భాగాన్ని దేనితో శుభ్రం చేసినది, ఏ మర మార్చినది, పాత భాగాలు ఎక్కడ ఉంచినది, వాద్యం ఇంటికి ఎవరి కాలంలో వచ్చినది వ్రాసి గిటారు పెట్టెలో పెట్టవలెను. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివిన తరాలు ఇప్పుడున్నవి. కాబట్టి ఆ చీటీని రెండు లిపులలోనూ వ్రాయుట మంచిది. పాతికేళ్ల తరువాత మరొక పండుగకు ముందు అటక దించే మనుమలకు చింతపండు కంటే ముందు ఆ చీటీ చేతికి తగలవలెను.